తెర చదివే సారు

“ఎవర్ని అడిగి మాటిచ్చినవ్ బాపూ?”

మనీషా ఈ ప్రశ్న చర్చి గేటు దాటగానే ఒకసారి అడిగింది. బండి వెనక కూర్చుని ఇంకోసారి అడిగింది. ఇప్పుడు ఇంటి గడపలో నిలబడి మళ్లీ అడుగుతోంది. లచ్చయ్య తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించాడు. కాళ్లు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాడు.

ఇల్లంతా ఆదివారపు కోడికూర వాసన. తినాలన్న ధ్యాస మాత్రం ఎవరికీ లేదు.

“అన్నం కాడ గొడవ వద్దు,” అంది తల్లి రోజీ కంచాలు పెడుతూ. “తిన్నంక కొట్లాడుకోండ్రి తండ్రీబిడ్డలు.”

“నాకొద్దు అన్నం.”

“వద్దంటే మాయె. కార్జం నీకని తీసిపెట్టిన, మీ బాపుకేస్త.”

మనీషా గడప దాటి లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

ఆ పొద్దున చర్చిలో జరిగింది తలచుకుంటే ఆమెకు ఒళ్లు మండుతోంది. ఆరాధనలో సాక్ష్యాల వేళ అని ఒకటుంటుంది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్లు లేచి చెప్పుకోవచ్చు. ఒకామెకు మోకాళ్ల నొప్పి తగ్గింది. ఒకాయన కొడుక్కి పని దొరికింది. ఆ తర్వాత లచ్చయ్య లేచాడు. సంఘపెద్ద కదా, అందరూ సర్దుకుని కూర్చుని విన్నారు.

“నా బిడ్డ యూనివర్సిటీల సార్‌ను ఎగతాళి పట్టించింది,” అన్నాడు. “క్లాసుల కూసోనిస్తలేరు. రేపు పోయి మాఫీ అడుగుతది. మీరందరు ప్రార్థన జేయున్రి.”

అంతే. పాస్టరు గిడియోన్ గారు ఆమెను ముందుకు పిలిచి నెత్తి మీద చెయ్యి పెట్టారు. దేవరయాంజాల్ సంఘమంతా కళ్లు మూసుకుని ఆమె మారుమనస్సు కోసం ప్రార్థించింది. చివర ‘ఆమెన్’ అన్నప్పుడు ఆమెకు నేల చీలితే బాగుండనిపించింది. బయటికొచ్చాక ఆడవాళ్లు ఒక్కొక్కరే బుగ్గ నిమిరారు. దొంగతనం చేసి పట్టుబడ్డ పిల్లను కూడా అంత జాలిగా చూడరు.

“నేనేం తప్పు జేసిననో అడిగినవా బాపూ, అందరి ముందట లేచే ముందు?”

లచ్చయ్య మొదటి ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకోలేదు.

“తప్పేందో నాకెరుకే. దేవుని వాక్యం సదివే తీరును నవ్వులపాలు జేసినవ్.”

“వాక్యాన్ని కాదు. సార్‌ను.”

“రెండు ఒక్కటే.”

“ఎట్ల ఒక్కటైతయి?”

  లచ్చయ్య కూర అడిగాడు.

ఆ సార్ పేరు చలపతిరావు. ఆయన సంగతి చెప్పాలి. చెప్పకపోతే మనీషా చేసింది పొగరులాగే కనిపిస్తుంది.

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన నాలుగంతస్తుల అద్దాల మేడ ఉంది. దాని పేరు యూనివర్సిటీ. గేటు చూస్తే కోట గుర్తుకొస్తుంది, లైబ్రరీ చూస్తే పాన్‌డబ్బా గుర్తుకొస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ఆ మేడను కలగని పుట్టించి ఉంటారు. అందులో సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది పిల్లలకు నేలలు, పునాదుల గురించి చెప్పేది చలపతిరావు సార్. చెప్పేది అనడం కూడా పెద్ద మాటే. ఆయన చదువుతారు.

పేట్ బషీరాబాద్ నుంచి కారులో వస్తారు. ఇస్త్రీ చొక్కా నలగదు. పెన్‌డ్రైవ్ పెడతారు, తెర వెలుగుతుంది, కుర్చీలో కూర్చుంటారు. తెర మీద ఏముంటే అది చదువుతారు. కామా దగ్గర ఆగుతారు, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి పీలుస్తారు. ఆ స్లైడ్లయినా ఆయన సొంతం కావు. ప్రతిదాని అడుగున ఇంకెక్కడిదో కాలేజీ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చెరిపెయ్యాలన్న సిగ్గు కూడా లేదు. ఎవరైనా చెయ్యెత్తి ఎందుకు సార్ అంటే, “పరీక్షకు ‘ఎందుకు’ రాదమ్మా, ‘ఏమిటి’ వస్తుంది,” అంటారు. మట్టి గురించి ఇన్నేళ్లుగా చదువుతున్న మనిషి క్లాసుకు ఒక్కనాడు గుప్పెడు మట్టి తేలేదు.

మనీషా మొదట్లో రాసుకుంది. తర్వాత విసుక్కుంది. ఆ తర్వాత ఆయన్ను లెక్కచెయ్యడమే మానేసింది. ఆయన గొంతు వింటేనే పెదవి వంకర తిరిగేది.

పోయిన బుధవారం ఆయన ఒక వాక్యం చదివి నీళ్లు తాగడానికి ఆగారు. మనీషా తర్వాతి వాక్యం పైకి చదివింది. ఎందుకు చదివిందంటే అలవాటు. వాళ్ల చర్చిలో కీర్తనలు అలాగే చదువుతారు. అయ్యగారు ఒక వచనం, సంఘం ఒక వచనం, ఉత్తర ప్రత్యుత్తరంగా. సార్ ఇంకో వాక్యం చదివారు. ఈసారి మనీషాతో పాటు పక్కనున్న సాయిప్రియ గొంతు కలిపింది. మూడోసారికి క్లాసంతా అందుకుంది.

విడ్డూరం ఏమిటంటే సార్‌కు అది ఎగతాళి అని తెలియలేదు. పిల్లలు బుద్ధిగా పాఠం వల్లిస్తున్నారని మురిసిపోయారు. స్లైడ్ల మీద స్లైడ్లు ఆయనొక వాక్యం, క్లాసొక వాక్యం చదువుతూ పోయారు. చివరికి వెనక బెంచీ నుంచి హరీష్ సాగదీసి “ఆమెన్” అన్నాడు. క్లాసు పగలబడి నవ్వింది. అప్పటికి గానీ సార్ మొహం ఎర్రబడలేదు.

“ఎవరు మొదలుపెట్టింది?”

సాయిప్రియ లేవబోయింది. మనీషా ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి తానే లేచింది. సాయిప్రియకు పోయిన నెలంతా కామెర్లు. హాజరు అంచుమీద ఉంది. ఇంకొక్క క్లాసు పోయినా ఆమెను డిటైన్ చేస్తారు, ఏడాది మొత్తం పోతుంది. ఆ తర్వాత మనీషాను బయటికి పంపారు. క్షమాపణ చెప్పేదాకా రావద్దన్నారు. రాకపోతే తన హాజరు కూడా అదే అంచుకు జారుతుంది. ఇప్పటికే జారడం మొదలైంది.

“బాపూ, ఒక్క మాట అడుగుత,” అంది మనీషా గడపలోంచే. “నువ్వు కంపెనీ బస్సు నడిపిస్తవ్. రేపు బస్సు నడపకుండ సీట్ల కూసొని, లేబరోళ్లకు బస్సు బొమ్మ సూపెట్టి, గిదే బస్సు, ఎక్కిండ్రనుకోండ్రి అంటే ఊకుంటరా?”

రోజీకి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

లచ్చయ్యకు నవ్వు రాలేదు. “ఊకోరు. నన్ను పనిలకెల్లి తీసేస్తరు,” అన్నాడు. “ఆయనను ఎవ్వలు తియ్యరు. నువ్వు తల్కాయ కొట్టుకున్నా తియ్యరు. పొయ్యేది నీ సదువే.”

“గీ చదువు పోతే ఎంత, ఉంటే ఎంత?”

గిన్నెలో గరిటె ఆగిపోయింది. రోజీ మొహంలో నవ్వు కూడా ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి మనీషా. ఆమె పుస్తకాలు పెట్టుకోవడానికి లచ్చయ్య తన బట్టల బీరువాలో ఒక అర ఖాళీ చేసి, తన చొక్కాలు మేకులకు తగిలించుకుంటున్నాడు.

 బయట ఎవరో బోరు మోటరు వేశారు.

“మనీ,” అంది రోజీ చివరికి. “ఆ సార్ మంచోడు కాకపోవచ్చు. నువ్వు ఆయన కోసం మాఫీ అడగకు. సంఘంల మీ బాపు తలెత్తుకొని తిరగాలె గదా, గందుకు అడుగు.”

“తల దించమని నాకు జెప్పి, తలెత్తుకునేది ఆయననా?”

అన్నాక మనీషాకే ఎక్కువైందనిపించింది. లచ్చయ్య కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. సగం అన్నం అలాగే ఉంది.

సాయంత్రం సాయిప్రియ ఫోన్ చేసింది. వాళ్లది గోదావరి జిల్లా, నాన్న ఉద్యోగం మీద వచ్చి యాప్రాల్‌లో కాలనీలో ఉంటున్నారు.

“రేపు నేను కూడా మీతో వస్తానే. ఇద్దరం కలిసే చదివామని చెప్తాను.”

“పిచ్చి పిచ్చి జేయకు. నీ హాజరు సంగతి యాదికుందా?”

“ఉందిలే. మరి నువ్వు నిజంగానే క్షమాపణ చెప్తావా?”

 “జెప్త. మనసుల జెప్పను, నోటితోని జెప్త.”

“అలా అయితే ఫర్లేదు,” అంది సాయిప్రియ. “వంగినట్టు కనపడు, వంగకు.”

చెప్పడం సులువే. ఆ మాట పట్టుకునే మనీషా పొద్దున్నే తండ్రి బండెక్కింది.

లచ్చయ్య మళ్లీ ఆ తెల్లచొక్కానే వేసుకున్నాడు. చలపతిరావు సార్ గది బయట చెప్పులు విప్పాడు. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు. విప్పొద్దని మనీషా సైగ చేసింది, ఆయన చూడలేదు.

“నమస్తే సార్. పిల్ల తెల్వక జేసింది. పెద్దమనసు జేసుకోవాలె.”

“కూర్చోండి, కూర్చోండి,” అన్నారు సార్. గొంతులో వెన్న కరుగుతోంది. కోపం ఆనవాలు కూడా లేదు. అదే మనీషాకు అనుమానం తెప్పించింది.

ఆమె చేతులు కట్టుకుంది. రాత్రంతా నోట్లో నానబెట్టిన మాట బయటికి తీసింది. “సారీ సార్. అట్లా చేసి ఉండాల్సింది కాదు.”

“అయ్యో, సారీలు ఎందుకమ్మా? పిల్లలు, సరదా. నేను అదే రోజు మరిచిపోయాను.” సార్ కుర్చీలో వెనక్కి వాలారు. “నేను ఆలోచించింది వేరు. నీ గొంతు చాలా బాగుంది. స్పష్టంగా చదువుతావు. మీ చర్చిలో నేర్పుతారనుకుంటా?”

“అవును సార్,” అన్నాడు లచ్చయ్య, కూతురి బదులు. “చిన్నప్పటిసంది వాక్యం సదువుతది.”

“అదే మరి. నాకు ఈమధ్య గొంతు సరిగా ఉండటం లేదు. అందుకని ఈ సెమిస్టర్ అయ్యేదాకా నా క్లాసులో నువ్వే స్లైడ్లు చదువు. నేను పక్కనే ఉంటాను. ఇప్పుడు పైవాళ్లు కూడా ఇదే అంటున్నారు, విద్యార్థి కేంద్రంగా బోధన అని. వాళ్లకు అది చూపిద్దాం. నీకు పోయిన హాజరంతా నేను కలిపేస్తాను.”

మనీషాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఈయన శిక్ష వెయ్యడం లేదు. కనీసం అవమానమైనా పడటం లేదు. తను విసిరిన రాయిని ఏరుకుని, దాంతోనే అరుగు కట్టుకుని పడుకోబోతున్నాడు. ఎగతాళి చెయ్యడానికి కూడా అవతలివాడికి కాస్త సిగ్గు ఉండాలని ఆమెకు ఆ పూట తెలిసింది.

“సార్, నేను…”

“సదువుతది సార్,” అన్నాడు లచ్చయ్య. లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “మా బిడ్డ క్లాసుల పాఠం సెప్తదంటే మాకంతకన్న ఏం గావాలె సార్. సంఘం ప్రార్థన ఊకెనే పోలే.”

“మీరూ రండి. వెనక కూర్చుని చూద్దురు గాని,” అన్నారు సార్.

వద్దు బాపూ అని మనీషా తెలుగులో అనలేకపోయింది, ఇంగ్లిషులో అనలేకపోయింది, కళ్లతో అంది. లచ్చయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

క్లాసులో ఆమెను చూసి ఈలలు వేశారు. సార్ చెయ్యెత్తగానే ఆపేశారు. ఆయన కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఫోన్ తీశారు. లచ్చయ్య వెనక వరసలో, హరీష్ పక్కన, బెంచీ అంచున కూర్చున్నాడు. బెంచీ మొత్తం తనది కాదన్నట్టు.

తెర వెలిగింది. మనీషా చదవడం మొదలుపెట్టింది. నల్లరేగడి నేలలు తడిస్తే ఉబ్బును, ఆరితే బీటలు వారును. అటువంటి నేలలో పునాది వేయునప్పుడు జాగ్రత్త వహించవలెను. ఇంగ్లిషులో ఉన్నా అది ఇంతకంటే ఏమీ చెప్పడం లేదు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ముందు వరసలో సాయిప్రియ కన్నుకొట్టింది.

హరీష్ చెయ్యెత్తాడు. అల్లరికి కాదు. “మనీషా, ఎందుకు ఉబ్బుతది? ఎర్రమట్టి ఉబ్బదు గదా.”

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. లైబ్రరీలో ఉన్న నాలుగు పుస్తకాల్లో ఒకదాంట్లో చదివింది. ఆమె టేబుల్ మీది పుస్తకం తీసుకుని, పేజీలు విప్పి చూపించింది.

“నల్లమట్టి రేణువులు గుండ్రంగా ఉండయి. గీ పేజీల లెక్క పలచటి పొరలుంటయి. నీళ్లు వాటి నడుమకు దూరుతయి. ఒక్కో పొర కొంచెం కొంచెం జరిగినా, అన్నీ కలిస్తే…”

ఆమె పేజీల మధ్య వేళ్లు పెట్టి పుస్తకాన్ని లావు చేసింది.  పడుకున్నవాళ్లు తలలెత్తారు. వెనక లచ్చయ్య నోరు కొంచెం తెరుచుకుని ముందుకు వంగాడు. మనీషాకు ఒంట్లో ఏదో వెచ్చగా పాకింది. ఈ గదిలో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె ఎదురుచూసింది దీనికోసమే.

“అది స్లైడ్‌లో ఉందా?” కిటికీ దగ్గర నుంచి సార్ గొంతు. ఫోన్ మీంచి తల ఎత్తలేదు.

“లేదు సార్. హరీష్ అడిగిండని…”

“ఉన్నది చదువు. లేనిది వద్దు. మనం అనుకున్నది అది కాదు కదా?”

హాజరు అన్న మాట ఆయన అనలేదు. అనే అవసరం లేదు.

మనీషా పుస్తకం పట్టుకుని నిలబడింది.

“ఆ పొరల సంగతి పూర్తి చెయ్యవే,” అంది సాయిప్రియ మెల్లగా.

మనీషా వెనక వరస వైపు చూసింది. లచ్చయ్య ఆమెకు ధైర్యం చెబుతూ తల ఊపాడు. పైకి చదువు బిడ్డా, సార్ చెప్పింది చెయ్యి, అన్నట్టు. ఆ మొహంలో అంత సంతోషం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆమె పుస్తకం మూసేసింది. తెర వైపు తిరిగి తర్వాతి వాక్యం చదివింది. కామా దగ్గర ఆగింది.

సాయిప్రియ పెదవి వంకర తిరిగింది. మనీషా ఆ పెదవిని గుర్తుపట్టింది. సాయిప్రియ పుస్తకాలు సర్దుకుని లేచింది.

“ఇది వినడానికి నేను ఇక్కడ కూర్చోనక్కర్లేదు,” అంది. సార్‌తో కాదు, మనీషాతోనే. నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

ఇప్పుడు సార్ తల ఎత్తారు. ఫోన్ పక్కన పెట్టి, జేబులోంచి పెన్ను తీశారు.

“ఆ లేచిపోయిన అమ్మాయి పేరేంటి?”

ఎప్పుడూ ఒక్క మాట మీద నిలబడని క్లాసు ఆ పూట ఒక్కటిగా నోరు మూసుకుంది. ఇన్నాళ్లుగా తన ముందు కూర్చుంటున్న పిల్లల్లో ఒక్కరి పేరు కూడా ఆ మనిషికి తెలియదు.

“నిన్నేనమ్మా. నీ పక్కన కూర్చునే అమ్మాయేగా. పేరు చెప్పు.”

“తెల్వదు సార్,” అంది మనీషా.

 పొద్దున్నుంచి ఆమె సార్‌తో అన్న మాటల్లో అదొక్కటే ఆమె సొంత మాట. పోతే తన ఏడాది పోనీ అనుకుంది.

“తెలియదా?” సార్ నవ్వారు.

వెనక బెంచీ కిర్రుమంది. లచ్చయ్య లేచి నిలబడి, చేతులు జోడించాడు. కూతురు ఇబ్బందిలో పడిందని, భయంతో మాట రావడం లేదని అనుకున్నాడు. సాయం చేద్దామనే లేచాడు.

“సాయిప్రియ, సార్. యాప్రాల్ పిల్ల. మా బిడ్డ సోపతి. క్రిస్మస్‌కు మా ఇంటికి గూడ వచ్చింది. మంచి పిల్ల, సార్.” తర్వాత కూతురి వైపు తిరిగి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు, “అబద్ధమెందుకు బిడ్డా.”

క్లాసులో ఒక్కరూ లచ్చయ్యను చూడలేదు. అందరూ మనీషానే చూశారు.

సార్ రాసుకున్నారు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

“కానివ్వు,” అన్నారు.

తెర మీద కొత్త స్లైడ్ వచ్చింది. లచ్చయ్య ఇంకా నిలబడే ఉన్నాడు, కూతురు చదవడం వినడానికి. మనీషా నోరు విప్పలేదు.